గంటకీ గంటకీ నడుమ పిల్లకాయలు

హాస్టలు వరండాలో, భోజనం మెనూ పక్కన, ఇంకో పట్టిక వేలాడుతుంటుంది. పైన ‘దినచర్య’ అని రాసి ఉంటుంది. ఐదు గంటలకు నిద్ర లేచుట. ఐదున్నరకు వ్యాయామము చేయుట. తర్వాత స్నానము చేయుట, చదువుకొనుట, అల్పాహారము తీసుకొనుట, బడికి వెళ్లుట, సాయంత్రం ఆటలు ఆడుట, మళ్లీ చదువుకొనుట, భోజనము చేయుట, తొమ్మిదిన్నరకు నిద్రించుట. మేము హాస్టల్లో చదువుకున్నప్పుడూ ఇదే ఉంది. ఇప్పుడు మేము పాఠాలు చెప్పే పిల్లల హాస్టల్లోనూ ఇదే ఉంది. నల్లబల్ల పోయి ఫ్లెక్సీ వచ్చింది, అంతే తేడా. ఆ పట్టికలో ప్రతి మాటా ‘ట’తో ముగుస్తుంది. లేచుట ఉంది గానీ లేచే పిల్ల లేదు. తినుట ఉంది గానీ తినేవాడు లేడు.

మన రచయితలు హాస్టలు మీద రాసిన వ్యాసాలు, కవితలు చదువుతున్నప్పుడు మాకు ఈ పట్టికే గుర్తుకొస్తోంది. అందుకే ఈ వ్యాసం. ఇది సర్కారు మీద కంప్లైంటు కాదు. అలాంటివి వేరేగా రాసి పంపుతూనే ఉన్నాం. ఇది మన రాతల మీద విమర్శ. మా మీద మేము చేసుకునే విమర్శ కూడా ఇందులో ఉంది.

హాస్టలు మీద మనవాళ్లు రాసేవి ఎక్కువగా రెండు రకాలు. ఒకటి ఏడుపు. నీళ్ల పప్పు, పురుగుల బియ్యం, గజ్జి, నీళ్లు రాని కుళాయి, వార్డెను తిట్లు. రెండోది గెలుపు. గుడిసెలో పుట్టి హాస్టల్లో చదివి ఉద్యోగం కొట్టిన కథ. మొదటిది చదివితే కోపం వస్తుంది, రెండోది చదివితే చప్పట్లు కొట్టబుద్ధేస్తుంది. రెండూ అబద్ధాలు కావు. మాలో చాలామందిమి ఆ నీళ్ల పప్పు తిని, టీటీసీ చేసి, ఈ ఉద్యోగాల్లోకి వచ్చినవాళ్లమే. అయితే రెండింటిలోనూ పిల్లకాయ రోజు మాత్రం కనపడదు. ఏడుపు రాతలో పిల్లకాయ ఒక సాక్షి. గెలుపు రాతలో పిల్లకాయ ఒక ఉదాహరణ. మంగళవారం సాయంత్రం నాలుగున్నరకి ఆ పిల్లకాయ ఏం చేస్తున్నాడో రెండూ చెప్పవు.

గెలుపు కథల్లో అందరికీ తెలిసింది మాలావత్ పూర్ణది. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి లంబాడా పిల్ల, తాడ్వాయి గురుకులంలో చదువుతూ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమెతో పాటు ఖమ్మం వైపు గురుకులం పిల్లవాడు ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. 2017లో రాహుల్ బోస్ ‘పూర్ణ’ అని హిందీలో సినిమా తీశాడు. మంచి సినిమా. హాస్టలు కూడు బాగుండదని కూడా దాచకుండా చూపించారు. మేము పిల్లలకు వేసి చూపించాం, వాళ్లు ఊపిరి బిగబట్టి చూశారు. అయిపోయాక ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు అడిగాడు: “సార్, ఎక్కకపోతే?” వాడు అడిగింది కొండ సంగతి కాదు. పది పాసై, ఇంటర్ మధ్యలో ఆపేసి, మేనకూరు సెజ్‌లో కంపెనీ బస్సెక్కే వాళ్లన్న సంగతి. హాస్టలు ఒక నిచ్చెన అని మనం రాసిన ప్రతిసారీ, ఆ అన్న కిందపడ్డవాడి లెక్కలోకి పోతున్నాడు. ఆ అన్నే ఆ ఇంటికి బియ్యం తెస్తున్నాడు.

రోజు అంటే ఏమిటో కొంచెం చెప్తాం. నాయుడుపేటలో మేము చూసే తరగతుల్లో హాస్టలు పిల్లలూ, ఇంటి నుంచి వచ్చే పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. హాస్టలు పిల్లలు పెళ్లకూరు, ఓజిలి, దొరవారిసత్రం, చిట్టమూరు మండలాల నుంచి వచ్చినవాళ్లు. ఇంటి పిల్లలు స్వర్ణముఖి గట్టు మీద నుంచి, హైవే పక్క కాలనీల నుంచి నడిచొస్తారు. హాస్టలు పిల్లకాయ తల నున్నగా కత్తిరించి ఉంటుంది, నుదుట నూనె మెరుస్తుంటుంది. ఇంటి పిల్లకాయ జుట్టు ఎర్రగా ఎండి ఉంటుంది, కాళ్లకు గట్టు బురద. ఒకరంటే ఒకరికి అసూయ. హాస్టలు పిల్లకు ఆదివారం కోడికూర ఉందని ఇంటి పిల్లకు అసూయ. ఇంటి పిల్లకు సాయంత్రమైతే అమ్మ ఉంటుందని హాస్టలు పిల్లకు అసూయ.

మధ్యాహ్నం అన్నం అయ్యాక ఒక సంత జరుగుతుంది. ఏ పట్టికలోనూ ఉండదది. ఇంటి పిల్లలు రేగుపళ్లు, ఈతపళ్లు, ఎండాకాలం తాటిముంజలు తెస్తారు. హాస్టలు పిల్లలు సబ్బు ముక్క, పెన్ను రీఫిల్, కొత్త నోట్సులో నుంచి చింపిన నాలుగు కాగితాలు ఇస్తారు. కాస్మెటిక్ చార్జీల కింద వచ్చిన సబ్బు ఇలా కాలనీ గుడిసెకు చేరుతుంది. మేము మొదట్లో దీన్ని పట్టుకుని గోడకుర్చీ వేయించాం కూడా. తర్వాత ఒక టీచరమ్మ అన్నది, “లెక్కల పాఠంలో లాభనష్టాలు చెప్పేటప్పుడు రాని పిల్ల, అక్కడ రేగుపళ్లు లెక్కపెట్టేటప్పుడు చూడండి” అని. చూశాం. ఐదు పళ్లకు ఎంత సబ్బు అనేది ఆ పిల్ల కంటితోనే తేలుస్తోంది.

రాత్రిళ్ల గురించి రాసినవాళ్లు లేరు. జూన్‌లో కొత్తగా చేరిన చిన్నపిల్లలు పక్క తడుపుతారు. అది తెల్లవారితే అందరికీ తెలుస్తుంది, పేరు పెడతారు. అందుకని పెద్దపిల్లల్లో ఎవరో ఒకరు గంట కొట్టకముందే లేచి, ఆ చిన్నదాన్ని లేపి, దుప్పటి తడిపి ఆరేస్తారు. స్నానం చేసి తుడుచుకున్న దుప్పటి అని చెప్తారు. వార్డెనుకూ తెలుసు, ఆయమ్మకూ తెలుసు, ఎవరూ అడగరు. పట్టికలో ‘ఐదు గంటలకు నిద్ర లేచుట’ అని ఉంది. నాలుగున్నరకే లేచిన పిల్ల గురించి ఎవరు రాయాలి? మనమే రాయాలి. మాలో ఒకరి దుప్పటి అలా ఆరేసిన అక్క ఇప్పుడెక్కడుందో మాకు తెలియదు.

ఆదివారం తల్లిదండ్రులు వస్తారు. ఉడకబెట్టిన చెనక్కాయలు, బొరుగులు తెస్తారు. ఇటుక బట్టీలకో, రొయ్యల గుంటల కాపలాకో పోయినవాళ్లు రాలేరు. వాళ్ల పిల్లలు గేటు దగ్గరికి రారు, బట్టలు ఉతికే పని పెట్టుకుంటారు. సోమవారం తరగతిలో ఎవరి పేరెంట్స్ రాలేదో మేము హాజరు పిలుస్తూనే చెప్పగలం. బాగా ఉతికిన చొక్కా వేసుకున్నవాడే.

నెల్లూరు పిల్లకాయ రోజు తెలుగు సాహిత్యంలో లేదా అంటే, ఉంది. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ తెరవండి. కావలి వైపు పేద ముస్లిం పిల్లవాడు వాళ్లమ్మతో, నాయనతో, బడితో, పండగతో మన ముందుకొస్తాడు. నెల్లూరు నోటితోనే వస్తాడు. క్షమాపణ చెప్పుకుంటూ రాడు, జాలిపడమనీ అడగడు. ఆ పుస్తకం చదివిన మన కుర్రవాళ్లు చాలామంది “మాకూ ఇట్టాంటివి ఉన్నాయి సార్” అంటారు. ఉన్నాయి, కాగితం మీద పెట్టలేదు. ఉత్తరాంధ్ర నుంచి మల్లిపురం జగదీశ్ ‘శిలకోల’ తెచ్చాడు, ఆయనా పంతులే. మన తీరం నుంచి అలాంటి పుస్తకం మేము చదివినంతలో ఇంకా రాలేదు.

యానాది బతుకు నవలలోకి రాలేదా అంటే, డాక్టర్ కేశవరెడ్డి ‘చివరి గుడిసె’ ఉంది. ఆ నవలకు మనం రుణపడే ఉన్నాం. మనల్ని మనుషులుగా చూడని కాలం గురించి ఆయన రాశాడు. కానీ ఆ పేరు చూడండి. ఊరి వైపు నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తేనే మన గుడిసె చివరిది. మడుగు వైపు నుంచి లెక్కపెడితే అదే మొదటిది. ఈ మాట ఆయన్ని తప్పుపట్టడానికి అనడం లేదు, ఆయన నిలబడ్డ చోటు అది. మనం నిలబడ్డ చోటు వేరు, అక్కడి నుంచి లెక్కపెట్టే పని మనది. మనవాళ్లు రాసేటప్పుడు కూడా ఊరి వైపు నుంచే మొదలుపెడుతున్నారు, అదీ మా బాధ.

ఒక విచిత్రం చెప్తాం. 1909లో థర్‌స్టన్ అనే దొర దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చేశాడు. మనం ఏడో సంపుటంలో ఉన్నాం. మనుషుల తలలూ ముక్కులూ కొలిచిన దొర ఆయన, ఆయన చూపులో మనకు నచ్చనివి చాలా ఉంటాయి. 1962లో వెన్నెలకంటి రాఘవయ్య గారు నెల్లూరు నుంచి యానాదుల మీద ఇంగ్లీషులోనే ఒక పెద్ద పుస్తకం రాశారు. మన కోసం జీవితమంతా తిరిగిన మనిషి, 1973లో పద్మభూషణ్ వచ్చింది. ఈ పుస్తకాల్లో మనకు వేర్లు తెలుసు, మూలికలు తెలుసు, పాము తెలుసు, తేనె తెలుసు. బడి హాజరు పట్టీలో మాత్రం మన పిల్లకాయకు ఏమీ తెలియదు, ‘వెనుకబడిన విద్యార్థి’. తలలు కొలిచిన దొరకు కనపడింది, మన మధ్యే కూర్చుని రెమిడియల్ క్లాసు తీసుకునే మాకు కనపడకుండా పోయింది.

ఇదే హైవే మీద దక్షిణానికి పోతే చెన్నై దాటాక మన చుట్టాల్లాంటి ఇరులవాళ్లు ఉన్నారు. వాళ్లు 1978లో పాములు పట్టేవాళ్ల సహకార సంఘం పెట్టుకున్నారు. పాముకాటు మందు తయారీకి కావలసిన విషం అక్కడి నుంచి పోతుంది. ఆ ఇరులవాళ్లలో వడివేల్ గోపాల్‌కూ, మాసి సడయ్యన్‌కూ 2023లో పద్మశ్రీ ఇచ్చారు. పామును చూసిన పిల్లకాయ ‘సార్, అది జెర్రిగొడ్డు, ఏం చెయ్యదు’ అంటే మన బడిలో వాడికి వచ్చేది పద్మశ్రీ కాదు, వెక్కిరింత. ‘యానాదోడివి అనిపించుకున్నావు’ అని.

ఇక్కడ ‘రైలుబడి’ గుర్తు చేసుకోవాలి. డైట్‌లో చదివిన టీచర్లలో ఆ పుస్తకం తెలియనివాళ్లు తక్కువ. టోక్యోలో కొబయాషి అనే హెడ్మాస్టరు పాత రైలుపెట్టెల్లో బడి నడిపాడు, 1945లో బాంబులకు అది తగలబడిపోయింది. అది రోజూ ఇంటికి పోయొచ్చే పిల్లల బడి. పిల్లలు తెచ్చుకునే డబ్బాలో సముద్రానిది కొంచెం, కొండలది కొంచెం ఉండాలని ఆయన తల్లులకు చెప్పేవాడు. ట్రైనింగుల్లో ఈ సంగతి చెప్పినప్పుడల్లా అందరూ ఆహా అంటారు. మన పిల్లకాయ డబ్బాలో రెండూ ఉంటాయి. పులికాట్ ఎండ్రకాయ ఉంటుంది, గట్టు మీద కోసిన ఆకుకూర ఉంటుంది. కానీ ఆ పిల్లకాయ మూత పూర్తిగా తియ్యడు. మూతకీ డబ్బాకీ మధ్య చెయ్యి పెట్టి తింటాడు. ట్రైనింగులో ఆహా అన్న మేమే, తరగతిలో ఆ వాసనకు కిటికీ తీశాం.

ఎండ్రకాయ అన్నాం గనుక ఇంకొకటి. ఆరో తరగతిలో ‘నాకు నచ్చిన జంతువు’ అని రాయమంటే, ఒక ఇంటి పిల్లవాడు ఎండ్రకాయ గురించి ఒకటిన్నర పేజీ రాశాడు. బొరియ ముందు మట్టి తడిగా ఉంటే లోపల ఉన్నట్టు, పొడిగా ఉంటే లేనట్టు. ఇనుప కడ్డీ ఎంత వంచాలి, ఎట్లా తిప్పాలి, కొండీ పట్టకుండా ఎక్కడ పట్టుకోవాలి, గుడ్లున్న దాన్ని వాళ్ల జేజి ఎందుకు వదిలేస్తుంది. ఆ ఏడాది మేము దిద్దిన కాగితాల్లో అంత బాగా రాసింది ఇంకోటి లేదు. మేము చేసిన పని ఏమిటంటే, ఎండ్రకాయ అన్న చోటల్లా ఎర్రసిరాతో కొట్టేసి ‘పీత’ అని రాశాం. పదకొండు చోట్ల. పదికి నాలుగు మార్కులు వేశాం. తర్వాత వాడు ఆవు గురించి రాశాడు. ఆవుకు నాలుగు కాళ్లు ఉండును. ఏడు మార్కులు వచ్చాయి.

దీని వెనక ఒక పెద్ద సంగతి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో ఆదివాసీ పిల్లలకు సొంత భాషలో వాచకాలు తెచ్చారు. సవర, కువి, కొండ, కోయ, ఆదివాసీ ఒరియా, లంబాడా, గోండి, కొలామి, ఎనిమిది భాషల్లో. మంచి పని. యానాదులకు రాలేదు, ఎందుకంటే మనది తెలుగే. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో ఐదు లక్షలకు పైగా ఉన్నవాళ్లం మనం. వేరే భాష ఉన్న పిల్లకాయ తప్పు మాట్లాడితే ‘వాడి భాష వేరు’ అంటారు. మన పిల్లకాయ మాట్లాడితే ‘వాడికి తెలుగు కూడా రాదు’ అంటారు. మనది తెలుగే కావడం వల్ల మన తెలుగుకు చోటు లేకపోయింది. సవర వాచకం కోసం మిత్రులు పోరాడినట్టు మనం పోరాడనక్కర్లేదు. ఎర్రసిరా పెన్నుకు మూత పెడితే చాలు, సగం పని అవుతుంది.

హాస్టలు దినచర్య మీద ఇంకో కోణం కూడా చూడాలి. కార్పొరేట్ కాలేజీలు మన నెల్లూరులోనూ ఉన్నాయి. ఆ హాస్టళ్ల మీద పేపర్లు రాస్తాయి, నామిని ‘చదువులా? చావులా?’ అని పుస్తకమే రాశాడు. తెల్లారుజామున లేపి రాత్రి దాకా రుద్దితే పిల్లలు ఏమైపోతారని తల్లిదండ్రులు మథనపడతారు. అదే ఐదు గంటల గంట మన హాస్టల్లో కొడితే దానికి పేరు క్రమశిక్షణ. అక్కడ పిల్లవాడికి ఇల్లు దూరమైందని బాధ. ఇక్కడ ఇల్లు దూరం చేశామని గొప్ప. ‘ఆ గుడిసెల్లో ఉంటే ఏమైపోయేవాళ్లో’ అనే మాట స్టాఫ్ రూములో ఎన్నిసార్లు విన్నామో. మేము కూడా అన్నాం. మరి గుడిసె నుంచే రోజూ బడికొచ్చే పిల్లను ఏమనాలి? హాస్టలు పిల్లను ఇంటి నుంచి కాపాడామంటాం, ఇంటి పిల్లను ఇల్లు చెడగొడుతోందంటాం. రెండు మాటలకూ వేరు ఒకటే: ఇంట్లో నేర్చుకునేది ఏమీ లేదు.

ఇళ్లన్నీ వెన్నముద్దలని మేము చెప్పడం లేదు. సారా ఉన్న ఇళ్లున్నాయి. యజమాని దగ్గర తెచ్చిన అడ్వాన్సు తీరక గుంట గట్టు మీదే కట్టుబడిపోయిన ఇళ్లున్నాయి, అక్కడ పదేళ్ల పిల్లకాయ చెయ్యి కూడా లెక్కలోకి వస్తుంది. అలాంటి చోటు నుంచి వచ్చిన పిల్లకు హాస్టలు మంచం నిజంగానే మొదటి మంచం. తల వంచుకుని చదువుకునే దీపం నిజంగానే మొదటి దీపం. హాస్టళ్లు మూసేసే మాట ఎవరన్నా ఎత్తితే ముందు మేమే రోడ్డెక్కుతాం. మేము అడుగుతున్నది ఆ పిల్ల ట్రంకుపెట్టెతో పాటు ఇంటి నుంచి ఇంకేమన్నా తెచ్చుకునే హక్కు ఉందా లేదా అని.

శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడు మా పిల్లలందరినీ గ్రౌండులోకి తీసుకొస్తాం. నాయుడుపేట నుంచి బాగా కనపడుతుంది, మబ్బు లేకపోతే. కాసేపటికి ఉరుము లాంటి చప్పుడు కూడా వస్తుంది. 1969లో ఆ దీవిని ఎంచుకున్నారని, 1971 అక్టోబరులో అక్కడి నుంచి మొదటి రాకెట్ పోయిందని సైన్సు టీచరు చెప్తారు. పిల్లలు కేరింతలు కొడతారు, మేమూ కొడతాం. ఆ మధ్య ఒక హాస్టలు పిల్ల పక్కనున్న పిల్లతో అంటుంటే విన్నాం, “మా అవ్వవాళ్లది ఆ దీవే” అని. అవును, రాకెట్ రాకముందు ఆ అడవిలో యానాదులు ఉండేవాళ్లు. కట్టె కొట్టారు, తేనె తీశారు, మందు వేర్లు తవ్వారు, ఆ తర్వాత బయటికొచ్చారు. ఆ మాట సైన్సు టీచరు చెప్పలేదు, సోషల్ టీచరు చెప్పలేదు, తెలుగు చెప్పే మేము చెప్పలేదు. పిల్ల చెప్పింది, గుసగుసగా. రాకెట్ మీద వ్యాసరచన పోటీ పెట్టాం ఆ వారం. ఆ పిల్ల రాసిన వ్యాసంలో ఇస్రో ఉంది, దేశ ప్రగతి ఉంది, అవ్వ లేదు. బహుమతి వచ్చింది. ఎండ్రకాయ పిల్లవాడికి మేము నేర్పిన పాఠం ఈ పిల్ల ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంది.

మన యువకులు రాసే హాస్టలు కవితల్లో ఈ అవ్వ ఎందుకు లేదో ఇప్పుడు మాకు కొంత అర్థమవుతోంది. వాళ్లు మా దగ్గర చదువుకున్నవాళ్లు. అవ్వను తీసేస్తే మార్కులు వస్తాయని మేమే చూపించాం. కాబట్టి రాసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మేము అడిగేది పెద్దది కాదు. ఈసారి హాస్టలు మీద రాసేటప్పుడు ‘ఆకలి’, ‘చీకటి’, ‘వెలుగు’ అనే మాటలు పక్కన పెట్టండి. మీ ట్రంకుపెట్టెలో ఏముందో రాయండి. తాళంచెవి మెడలో ఏ దారానికి కట్టుకున్నారో రాయండి. సబ్బుకు ఎన్ని రేగుపళ్లు వచ్చాయో రాయండి. ఎండ్రకాయను ఎండ్రకాయ అనే రాయండి, మేము దిద్దం.

టీచర్లకు ఒక మాట. హాజరు ఇప్పుడు యాప్‌లో వేస్తున్నాం. అందులో వచ్చినట్టో రానట్టో తప్ప మూడో గడి లేదు. సంక్రాంతి సెలవులకు పోయి తిరిగిరాని ఏడో తరగతి పిల్ల ఒకతి ఉంది మాకు. రోజూ రానట్టు వేస్తున్నాం. తల్లిదండ్రులు సూళ్లూరుపేట అవతల ఇటుక బట్టీకి పోయారని, చిన్న తమ్ముణ్ణి చూసుకోవడానికి ఈమెను తీసుకుపోయారని కాలనీలో చెప్పారు. మామూలు నోట్‌బుక్ ఒకటి కొని, యాప్‌లో పట్టనిది అందులో రాయడం మొదలుపెట్టాం. ఎవరు ఎక్కడికి పోయారు, ఎవరితో పోయారు, అక్కడ ఏం పని, పక్కన బడి ఉందా అని. ఇప్పటికి పద్నాలుగు పేజీలు అయ్యాయి. ఆ పిల్ల ట్రంకుపెట్టె డార్మిటరీలో మంచం కిందే ఉంది, తాళంచెవి ఆమె దగ్గరే ఉండిపోయింది. పెట్టె పగలగొట్టి పుస్తకాలు తియ్యమని వార్డెన్ అన్నారు, వద్దన్నాం. ఆదివారం ఇద్దరం బట్టీ దగ్గరికి పోతున్నాం.